అన్నప్రాశన వీడియో

యూనివర్సిటీ అప్లికేషన్ పంపడానికి ముహూర్తం పెట్టించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. మా బావ మహేంద్ర. మా చెల్లెలు ఇంద్రజ మొగుడు. మనిషి చెడ్డవాడు కాదని ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇది చదివి ఇక్కడి మన తెలుగు గ్రూపులో వాళ్లు నన్నే తిడతారు. నన్ను ఆక్లండ్ పిలిపించి, బస్సు డ్రైవర్ లైసెన్సు వచ్చేదాకా ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాడు. ఆ ఒక్క కారణంతోనే పదిహేడేళ్లు నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

సంగతేంటంటే, మా మేనకోడలు నిరుపమకి స్కూలు చదువు అయిపోయింది. యూనివర్సిటీకి ఆన్‌లైన్‌లో ఫారం నింపి పంపాలి. ఇది ఇక్కడ పిల్లలందరూ బస్సులో కూర్చుని బొటనవేలితో చేసేసే పని. మా బావ తెనాలిలో సిద్ధాంతిగారికి ఫోన్ చేసి, పిల్ల జాతకం వాట్సాప్‌లో పంపి, ఆదివారం సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం పెట్టించాడు.

"ఇండియా టైమ్ కాదు బావగారూ, ఆక్లండ్ టైమ్‌కే లెక్క కట్టించాను. నాలుగున్నర దాటితే రాహుకాలం, నాలుగు లోపల వర్జ్యం. మధ్యలో ఈ కాస్తే ఉంది" అన్నాడు, ఏదో పెద్ద స్థలం కొన్నట్టు.

అక్కడితో ఆగలేదు. పాతికమందిని భోజనాలకి పిలిచాడు. పిలుపు మెసేజ్‌లో స్టెతస్కోపు బొమ్మ. "మా అమ్మాయి డాక్టర్ చదువు వైపు వేస్తున్న తొలి అడుగుకి మీ అందరి ఆశీస్సులు కావాలి" అట. నేను బ్రేక్‌లో ఆ మెసేజ్ చూసి ఫోన్ జేబులో పడేశాను. టీ కూడా తాగబుద్ధి కాలేదు.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు ఒక సంగతి జరిగింది. నా బస్సు ఆల్బనీ స్టేషన్‌లో ఆగి ఉంది. నాకు ఇరవై నిమిషాల బ్రేక్. బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచానో లేదో, ఎదురుగా నిరుపమ. వీళ్ల ఇల్లు మౌంట్ రాస్కిల్‌లో. అక్కణ్ణించి ఆల్బనీకి ఊరికే ఎవరూ రారు.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్ చూద్దామని వచ్చాను మావయ్యా. నాన్నకి చెప్పొద్దు, ప్లీజ్."

"చూశావా మరి?"

"చూశాను. ఫుడ్ టెక్నాలజీ, సైకాలజీ, ఎర్త్ సైన్స్... అన్నీ బాగానే ఉన్నాయి. అదే ప్రాబ్లమ్." నా పక్కన కూర్చుని, నా చెంచా తీసుకుని, నా పులిహోర తినడం మొదలుపెట్టింది. "ఫారంలో మేజర్ ఏంటని అడుగుతారు."

"మేజర్ అంటే?"

"డిగ్రీలో మెయిన్‌గా చదివేది. బట్ సైన్స్ డిగ్రీకి ఇప్పుడే చెప్పక్కర్లేదు మావయ్యా. ఫస్ట్ ఇయర్ అన్నీ కొంచెం కొంచెం చదివి తర్వాత చూజ్ చేసుకోవచ్చు. అన్‌డిసైడెడ్ అని ఒక ఆప్షన్ ఉంది."

"తేల్చుకోలేదని రాసినా సీటిస్తారా?"

"ఇస్తారు."

నేను పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. నన్నెవరూ నీకేం కావాలిరా అని అడగలేదు, నాలుగు నెలల్లో లారీ క్లీనర్ని చేసి పంపేశారు. ఆ మాట వినగానే ఈ దేశానికి దణ్ణం పెట్టాలనిపించింది. "అదే రాయవే, భయం దేనికి?" అన్నాను.

పిల్ల చెంచా డబ్బాలో పెట్టేసింది.

"బట్ బేబీగా ఉన్నప్పుడు నాకు తెలుసు కదా మావయ్యా. స్ట్రెయిట్‌గా స్టెతస్కోప్ దగ్గరికే వెళ్లాను కదా. ఆ అన్నప్రాశన వీడియో వంద సార్లు చూశాను. అప్పుడు తెలిసింది ఇప్పుడెందుకు తెలియట్లేదు? నాలో ఏదో రాంగ్ ఉందా?"

నవ్వుతూనే అడిగింది. కళ్లు మాత్రం నవ్వట్లేదు. ఈ పిల్లకి ఇంట్లో మాట్లాడే తెలుగు అంతంతమాత్రం, కానీ ఆ ప్రశ్న మాత్రం చాలా రోజులుగా లోపల అరగదీసి అరగదీసి పెట్టుకున్నట్టు అడిగింది.

నేనేం చెప్పానో తెలుసా? "పులిహోర మొత్తం తినేయ్" అన్నాను. అనేసి బస్సెక్కాను. సిటీ దాకా బస్సు నడిపాను గానీ దారిలో ఎవరెక్కారో ఎవరు దిగారో చూస్తే ఒట్టు. ఛీ, ఏం బతుకురా నీది పాండురంగా, అనుకుంటూనే ఉన్నాను.

ఎందుకంటే ఆ వీడియోలో ఉన్నది అబద్ధం. అందులో నా చెయ్యి కూడా ఉంది.

అన్నప్రాశన నాడు పిల్లల్ని ఎలా కూర్చోబెడతామో మీకు తెలియంది కాదు. చాప మీద పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు, కాస్త మట్టి పెడతాం. బిడ్డ పాకుతూ వెళ్లి ఏది ముట్టుకుంటే పెద్దయ్యాక అందులో రాణిస్తుందంటాం. సరదా. నలుగురూ నవ్వుకుని పాయసం తాగి వెళ్లిపోయే సంగతి. మా బావ దాన్ని సరదాగా తీసుకోలేదు. తను రెండుసార్లు మెడికల్ ఎంట్రన్స్ రాసి సీటు రాక కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. అందుకని మందుల షాపులో అసలైన స్టెతస్కోపు కొనుక్కొచ్చి, చాపకి సరిగ్గా మధ్యలో పెట్టాడు. కత్తి తీసేశాడు. "కత్తి ముట్టుకుంటే సర్జన్ అనుకోవచ్చుగా?" అని ఎవరో అంటే, "కసాయి అనుకుంటే?" అన్నాడు.

అప్పుడు నిరుపమకి ఏడో నెల. మేనమామని కదా, పాయసం నాకించి నేనే చాప మీద వదిలాను. పిల్ల పుస్తకం చూడలేదు, బంగారం చూడలేదు. చర్రున పాక్కుంటూ అన్నిటినీ దాటేసి గోడ పక్కనున్న న్యాపీల అట్టపెట్టె దగ్గరికి వెళ్లింది. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఎత్తుకొచ్చి మళ్లీ మొదట్లో పెట్టాడు. మళ్లీ అట్టపెట్టె దగ్గరికే వెళ్లింది. ఈసారి దాని మూల నోట్లో పెట్టుకుని చీకింది కూడా.

మూడోసారి బావ కెమెరా ఆన్ చేసి, నాకేసి చూసి, "బావగారూ, కాస్త సాయం పట్టండి" అన్నాడు మెల్లిగా. నేను వెనక నుంచి పిల్ల నడుం పట్టుకుని కదలకుండా ఆపాను. రెండో చేత్తో స్టెతస్కోపు గొట్టం ఇంత జరిపి పిల్ల అరచేతిలోకి తోశాను. ఏడు నెలల బిడ్డ, చేతిలో ఏది పెడితే అది పట్టుకుంటుంది కదండీ. పట్టుకుంది. చప్పట్లు. "డాక్టరమ్మ, డాక్టరమ్మ" అని అరుపులు. మా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. అదే వీడియో. ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకీ వేశారు. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడున్నవాళ్లందరూ అట్టపెట్టెని మర్చిపోయారు. మా బావ అయితే నిజంగానే మర్చిపోయాడనుకుంటాను. అదే నాకు ఇంకా అసహ్యం. అబద్ధమని తెలిసి చెప్పేవాణ్ణి తిట్టొచ్చు, నమ్మేసినవాణ్ణి ఏం చేస్తాం?

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. మా ఆవిడకి శాండ్రింగ్‌హామ్ కొట్లో డ్యూటీ, రానంది. "పిల్ల ఫారం నింపితే మనకి బిర్యానీ ఏంటండీ, సిగ్గులేకపోతే సరి" అంది. నిజమే, నేను సిగ్గులేకుండా వెళ్లాను.

గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. హాల్లో టీపాయ్ మీద పట్టుగుడ్డ పరిచి దాని మీద లాప్‌టాప్. పక్కన తమలపాకులో పసుపు వినాయకుడు. లాప్‌టాప్ మూతకి పసుపు రాసి మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టారు. కొత్త కారుకి పెట్టినట్టు. కాసేపటికి ఎవరిదో పిల్లాడు దాన్ని తాకి చేతులు సోఫాకి తుడిచాడు. నిరుపమ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరో పట్టులంగా కట్టించారు. పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టుంది నా కళ్లకి.

విజయలక్ష్మి ఆంటీ అప్పటికే పీఠం వేసేసింది. ఆంటీ అంటే నాకంటే రెండేళ్లు పెద్ద, కానీ ఇక్కడ అందరికీ ఆంటీనే. వాళ్లబ్బాయి అభినయ్ డునీడిన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. ఆవిడ ఏ మాట మొదలుపెట్టినా డునీడిన్‌లోనే దిగుతుంది.

"మా అభినయ్ అయితే ఎయిత్ క్లాసులోనే చెప్పేశాడమ్మా, మమ్మీ నేను హార్ట్ డాక్టర్ అవుతానని. క్లారిటీ ఉండాలి పిల్లలకి. నీకేం ఇష్టం, హార్టా, బ్రెయినా?"

"ఇంకా తెలీదు ఆంటీ" అంది నిరుపమ.

"స్కిన్ తీసుకో. రాత్రుళ్లు పిలవరు."

చుట్టూ నవ్వులు. పక్కన ఇంకొకాయన కిడ్నీ అన్నాడు, ఇంకొకాయన కళ్లు మంచివన్నాడు. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని మాంసం కొట్టు దగ్గర నిలబడ్డట్టు ఒక్కొక్క ముక్కా అడుగుతున్నారు. చేతిలో ప్లేటు కింద పెట్టేశాను.

మూడున్నరకి బావ లాప్‌టాప్ తెరిచాడు. ముహూర్తానికి ముందు ఒకసారి అన్నీ సరిచూసుకుందామని. ఫారం అంతా పిల్లే నింపి ఉంచింది, ఇక నొక్కడమే తరువాయి. బావ కళ్లద్దాలు పెట్టుకుని పేరు చదివాడు, పుట్టిన తేదీ చదివాడు, అడ్రస్ చదివాడు. అక్కడితో ఆగిపోయాడు.

"ఇదేంటి? హెల్త్ సైన్స్ ఏది? మెడిసిన్‌కి దారి అదే కదా?"

"సైన్స్ డిగ్రీ పెట్టాను నాన్నా."

"మేజర్ దగ్గర ఈ అన్‌డిసైడెడ్ ఏంటి?"

"అంటే నాకు ఇంకా తెలీదని."

హాలంతా చెంచాల చప్పుడు ఆగిపోయింది. విజయలక్ష్మి ఆంటీ మాత్రం ఆగలేదు. "రేపు సంబంధం చూసినా అన్‌డిసైడెడ్ అంటావా ఏంటమ్మా?" అంది. మళ్లీ నవ్వులు. నవ్వినవాళ్లలో సగం మంది పిల్లలు ఏం చదువుతున్నారో నాకు తెలుసు, సగంలో వదిలేసిన కోర్సులెన్నో కూడా తెలుసు. అయినా నవ్వారు.

బావ అరవలేదు. అరిచినా బాగుండేది. కళ్లద్దాలు తీసి, గొంతు మెత్తగా చేసి, "నేను బలవంతం చేస్తున్నానా నానీ? నిన్నెప్పుడైనా ఇది చదువు, అది చదువు అన్నానా? నువ్వే కదా పట్టుకున్నావు. ఏడో నెలలో, ఎవరూ చెప్పకుండా, నీ అంతట నువ్వు. నీకు గుర్తు లేకపోవచ్చు, నీ లోపల ఉంది అది. శశాంక్, ఆ వీడియో పెట్టు" అన్నాడు.

శశాంక్ అనే ఆయన టీవీకి ఫోన్ కలిపాడు. గోడంత టీవీ. అందులో చిన్న నిరుపమ. చాప, పూలు, మధ్యలో స్టెతస్కోపు. పిల్ల చెయ్యి దాని మీద పడింది. టీవీలో చప్పట్లు, ఇక్కడ హాల్లో చప్పట్లు. పాతికమంది పెద్దవాళ్లు, అప్పుడు అక్కడే ఉండి అట్టపెట్టెని చూసి నవ్వినవాళ్లు కూడా అందులో ఉన్నారు, వాళ్లూ కొట్టారు.

నిరుపమ టీవీకేసి చూస్తోంది. మెల్లిగా లేచి లాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. "ఓకే నాన్నా. మార్చేస్తాను" అంది.

ఆ గొంతు వినాల్సింది మీరు. ఓడిపోయినట్టు లేదు, కోపం లేదు. తనలో ఏదో తప్పుందని ఒప్పేసుకున్నట్టు ఉంది.

"అది నువ్వు పట్టుకోలేదమ్మా. నేను పట్టించాను" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నేను టీవీ దగ్గరికి వెళ్లాను. "ఇదిగో, ఈ మూల గళ్ల చొక్కా చెయ్యి కనిపిస్తోందా? అది నాది. నీ నడుం పట్టుకున్నాను. అంతకుముందు రెండుసార్లు నిన్ను వదిలితే అన్నీ దాటేసి న్యాపీల అట్టపెట్టె దగ్గరికి వెళ్లావు. రెండుసార్లూ వెనక్కి తెచ్చి పెట్టారు. మూడోసారి కెమెరా ఆన్ చేశారు."

"బావగారూ!" మహేంద్ర మొహం ఎర్రబడింది. "తాగొచ్చారా?"

"బస్సు నడిపేవాణ్ణి, నాకు ఆ అలవాటు లేదని మీకు తెలుసు."

"చదువు సంగతి మీకెందుకండీ? టెన్త్ దాటనివాళ్లు కూడా మా అమ్మాయి కెరీర్ గురించి మాట్లాడేవాళ్లే!"

నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. మాట పడ్డాను. ఎన్నోసార్లు పడ్డదే. విజయలక్ష్మి ఆంటీ అందుకుంది. "అదేంటండీ పాండురంగగారూ, నేనూ అక్కడే ఉన్నాను. చక్కగా తనే వెళ్లింది బంగారుతల్లి. నా కళ్లతో చూశాను."

"మీరు ఆ అట్టపెట్టెని చూసి నవ్వి పాయసం ఒలకబోసుకున్నారు ఆంటీ. మీ ఎర్రచీర మీద" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుంది. చీర గుర్తొచ్చినట్టుంది.

"పెద్దవాళ్లు ఏదో సరదాకి..." అని ఎవరో వెనక నుంచి గొణిగారు. "అన్నప్రాశనలో అందరూ కాస్త అటూ ఇటూ జరుపుతారు లెండి" అని ఇంకొకరు. చూడండి, ఒక్క నిమిషం కింద ఆ వీడియోకి చప్పట్లు కొట్టిన మందే.

నిరుపమ వీళ్లెవర్నీ చూడట్లేదు. వాళ్లమ్మని చూస్తోంది. ఇంద్రజ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా?"

మా చెల్లెలు నా వైపు తిరిగింది. "ఇప్పుడెందుకన్నయ్యా ఇవన్నీ" అంది.

అంతే అంది. అబద్ధం అనలేదు. పిల్లకి అది చాలు. తెలుగు సరిగ్గా రాకపోయినా ఏ మాటకి ఏం అర్థమో దానికి బాగానే తెలుసు.

"ఎన్నిసార్లు వెనక్కి పెట్టారు నన్ను?" అని అడిగింది నా వైపు తిరిగి.

"రెండుసార్లు" అన్నాను.

లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. బావ "నానీ, ఆగు, మాట్లాడుకుందాం" అంటూ వచ్చాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు, ఆ ఒక్కటీ నేను ఆయన మంచితనం కింద రాసుకున్నాను. పిల్ల ఏమీ మార్చలేదు. ఒకసారి పైనుంచి కిందిదాకా చదువుకుంది. నొక్కేసింది. వేలికి పసుపు అంటుకుంటే పట్టులంగాకి తుడుచుకుంది.

"అయ్యో, అయ్యో, ఇంకా వర్జ్యం పోలేదు!" అంది విజయలక్ష్మి ఆంటీ. ఆవిడ బాధ అది.

జనం సర్దుకోవడానికి పావుగంట పట్టలేదు. అందరికీ ఒక్కసారిగా వేరే పనులు గుర్తొచ్చాయి. కానీ డబ్బాల్లో బిర్యానీ పెట్టించుకోవడం మాత్రం ఎవరూ మర్చిపోలేదు. వంటింట్లో మా చెల్లెలి ముందు వరసలో నిలబడి, మొహాలు విచారంగా పెట్టి, "రైతా కూడా కాస్త" అంటున్నారు. మహేంద్ర సోఫాలో కూర్చుని ఆగిపోయిన వీడియోనే చూస్తున్నాడు. వెళ్లొస్తానని చెప్పాను. తల ఎత్తలేదు. పాపం అనిపించిందా అంటే, అనిపించింది. అరనిమిషం. ఆ తర్వాత పక్కన పసుపు పూసిన ఆ లాప్‌టాప్ చూసేసరికి అది కూడా పోయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే నిరుపమ వచ్చింది. లంగా మీదే స్కూలు జాకెట్ వేసుకుంది. ఎత్తుకుని ఆడించిన మేనమామని, ధైర్యం చేసి నిజం చెప్పినవాణ్ణి, పక్కన కూర్చుని థాంక్స్ చెప్తుందేమో అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అనుకున్నాను.

కూర్చోలేదు.

"బస్ స్టేషన్‌లో అడిగాను కదా నిన్ను" అంది.

"అడిగావు."

"నాలో ఏదో రాంగ్ ఉందా అని అడిగాను. నువ్వు పులిహోర తినమన్నావు."

నేను కట్టిన బూటు లేసే విప్పి మళ్లీ కట్టాను. ఏం చెప్పాలి? మీ నాన్న నాకు అన్నం పెట్టాడని చెప్పాలా? పిల్ల దగ్గర ఆ లెక్క చెల్లదు. నాలుగు రోజులు కాదు, పదిహేడేళ్ల నుంచి ప్రతి పుట్టినరోజుకీ నేనూ కేకు తింటూ ఆ వీడియోకి చప్పట్లు కొట్టాను.

"దట్స్ డిస్గస్టింగ్ మావయ్యా. వాళ్లు మర్చిపోయారు. నువ్వు మర్చిపోలేదు."

"అవునమ్మా" అన్నాను.

లోపల నుంచి ఎవరో డబ్బా పట్టుకుని మా మధ్యలోంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ కారు దగ్గరికి వెళ్లారు. వాళ్లు వెళ్లేదాకా పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత మొహం నాకేసి తిప్పింది.

"ఇంకా ఉన్నాయా? ఇలాంటివి? నా గురించి?"

లేవని చెప్పడం ఎంతసేపు? ఎప్పుడూ చెప్పేదే కదా.

"ఉన్నాయి" అన్నాను.

అప్పుడు కూర్చుంది. పక్కన కాదు, రెండు మెట్లు పైన. నాకు మొహం కనిపించట్లేదు, గొంతే వినిపిస్తోంది.

"అన్నీ చెప్పు."

"నీ డాన్స్ క్లాసు సంగతి నుంచి మొదలుపెడతాను" అన్నాను. "అది నువ్వే మానేస్తానన్నావని నీకు చెప్పారు కదా..."